ఏ వ్లాసిస్?

వ్లాసిస్ రూవాలిస్ తన చావు కబురు తన కళ్ళతోనే చదివాడు. అదీ బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని, మలుపు తిప్పుతూ చదివాడు.

ఆ పొద్దున కటాకొలో రేవులో మూడు పెద్ద ఓడలు ఆగాయి. ఓడ దిగినవాళ్ళను ఒలింపియా శిథిలాల దగ్గరికి తీసుకెళ్ళి, తిప్పి, ఓడ కదిలేలోగా తెచ్చి అప్పగించడం వ్లాసిస్ ఉద్యోగం. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి అదే దారి, అవే మలుపులు. దారి పక్క కరెంటు స్తంభాలకు అంటించే చావు కాగితాలు చదవడం కూడా అప్పటి నుంచే అలవాటు. నల్ల అంచు, పైన శిలువ, పెద్ద అక్షరాల్లో పేరు, కింద ఎప్పుడు, ఏ చర్చిలో అన్న ముక్క. చక్రం వదలకుండా, కళ్ళు ఒక్కసారి పక్కకు తిప్పి, పోయిందెవరో చూసి, శిలువ గుర్తు వేసుకుని ముందుకు పోతాడు. ఏ ఊళ్ళో ఎవరు పోయారన్నది అతనికి తెలిసినంత బాగా పాదిరికి కూడా తెలియదని భార్య స్తమాతా వెక్కిరిస్తుంది.

ఆ రోజు సొంత ఊరు అంబెలాకి మలుపులో, రొట్టెల కొట్టు ముందున్న స్తంభం మీద కొత్త కాగితం కనిపించింది. కళ్ళు తిప్పాడు. ‘వ్లాసిస్ రూవాలిస్’ అని ఉంది. చెయ్యి అలవాటుగా నుదుటి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. తరువాతి స్తంభం మీదా అదే పేరు. ఆ తరువాతిదాని మీదా అదే. చివరి స్తంభం దగ్గర, కాఫీ కొట్టు ముందు కూర్చున్న ముసలి పండెలిస్ బస్సు వంక చూశాడు, నడుపుతున్న మనిషి వంక చూశాడు, కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

ఆపడానికి వీల్లేదు. వెనక ట్రాక్టరు, దాని వెనక ఇంకో రెండు ఓడ బస్సులు. ఆపి ఏం చెయ్యాలి? దిగి, నేను బతికే ఉన్నానా అని అడగాలా? వ్లాసిస్ ఒక చేత్తో మోకాలు గిల్లుకున్నాడు. నొప్పి పుట్టింది. బతికే ఉన్నాను, సరే, మరి పోయిందెవడు అనుకున్నాడు.

ఎందుకంటే రూవాలిస్ ఇంట వ్లాసిస్‌లు ముగ్గురు. తాత పేరు వ్లాసిస్. తాతకు ముగ్గురు కొడుకులు. మొదటి మగబిడ్డకు తమ తండ్రి పేరు పెట్టకపోతే ముసలాయన బతికుండగానే చచ్చినంత పని అవుతుంది కాబట్టి ముగ్గురూ పెట్టారు. అది చాలనట్టు ముగ్గురు పిల్లలూ ఒక ఆలివ్ కోతకూ మరుసటి కోతకూ మధ్యలోనే పుట్టారు. బళ్ళో పంతులు ‘వ్లాసిస్’ అంటే మూడు చేతులు లేచేవి. ఒకడు గోల చేస్తే ఇంకొకడి చెవి మెలిపడేది. సైన్యం నుంచి పిలుపు వస్తే ముగ్గురూ ఒకరి మీదికి ఒకరు తోసుకున్నారు. ఊరు ఊరుకుంటుందా? తలో తోక తగిలించింది. బస్సు నడిపేవాడు బస్సు వ్లాసిస్. బోర్లు వేసేవాడు బావి వ్లాసిస్. పడవ మీద వేటకు వెళ్ళేవాడు చేపల వ్లాసిస్. ఫోను మోగి ‘వ్లాసిస్ ఉన్నాడా?’ అని ఎవరన్నా అడిగితే, ఆ మూడు ఇళ్ళలోనూ మొదట వచ్చే మాట ఒకటే, ‘ఏ వ్లాసిస్?’

కాగితం మీద మాత్రం తోకలుండవు. పిర్గోస్ పట్నం నుంచి వచ్చి అంటించి పోయే శవపేటికల కొట్టువాడికి ఆ తోకలు ఏం తెలుసు!

ముగ్గురిలో తాను లేడు. మిగిలింది ఇద్దరు. ఇక్కడే వ్లాసిస్‌కు చెమటలు పట్టాయి. ఆ ఇద్దరిలో చేపలవాడంటే అతనికి ప్రాణం. బావివాడితో మాటల్లేవు.

మాటలు పోయింది తాత పటం దగ్గర. తాత ఇంట్లో సెయింట్ వ్లాసియోస్ పటం ఒకటి ఉండేది. ముత్తాతల నాటిది, దీపం పొగకు నల్లబడి, సాధువుగారి ముఖం ఉందో లేదో తెలియనంతగా మాసిపోయింది. ఫిబ్రవరిలో ఆయన పండగ, అంటే ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళందరి పండగ, వస్తే ఆ పటం ఉన్న ఇంటికి ఊరంతా పిలవకుండానే వచ్చేది. తాత పోయాక పటం ఆయన పేరున్నవాడికే చెందాలన్నారు. పేరున్నవాళ్ళు ముగ్గురాయె. బావి వ్లాసిస్ రెండు నెలలు పెద్దవాణ్ణని చంకలో పెట్టుకుని పోయాడు. బస్సు వ్లాసిస్ దాన్ని దొంగతనమన్నాడు, చర్చి ముందు, జనం వింటుండగా అన్నాడు. ఆ తరువాత ఎవరి పండగ వాళ్ళదే. ఆ రోజున ఊరికి పెద్ద తిప్పలు. అక్కడికి ముందు వెళ్తే ఇక్కడ కోపం, ఇక్కడికి ముందు వస్తే అక్కడ కోపం. చేపల వ్లాసిస్ ఒక్కడే నిమ్మకు నీరెత్తినట్టు రెండు ఇళ్ళకూ తిరిగేవాడు. ఈ ఇంట్లో ఇచ్చిన మిఠాయి పెట్టెను ఆ ఇంటికి కానుకగా పట్టుకెళ్ళి, ఆ ఇంట్లో ఇచ్చినదాన్ని ఇక్కడికి తెచ్చేవాడు. అది తెలిసి కూడా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ మనిషి ముఖం చూస్తే అనబుద్ధి కాదు.

‘వాడు అయి ఉండడు,’ అనుకున్నాడు వ్లాసిస్. వాడు ఊళ్ళోనే లేడు. ఆదివారం వచ్చి, పడవ ఇంజనుకు ఏదో సామాను కావాలి, పత్రాస్‌లో చెల్లెలు అసిమీనా ఇంట్లో నాలుగు రోజులుండి వస్తానని చెప్పి వెళ్ళాడు. పత్రాస్‌లో ఉన్నవాడి కాగితం అంబెలాకిలో ఎందుకు అంటిస్తారు? కాబట్టి వాడు కాదు. కాబట్టి పోయింది... అక్కడికి వచ్చేసరికి మనసులో ఏదో తేలికపడింది. ఆ తేలికదనం ఏమిటో తెలిసి, బస్సు నిండా జనం ఉన్నారని కూడా చూడకుండా, తనను తాను పచ్చి బూతు తిట్టుకున్నాడు.

“ఎవర్ని బాబాయ్ తిడుతున్నారు?” అంది ముందు సీట్లో ఉన్న క్లియోనికి. ఆ అమ్మాయి గైడు. పద్నాలుగో నంబరు రాసిన అట్టను కర్రకు తగిలించుకుని పట్టుకుంటుంది, ఆ అట్ట వెనకే జనం నడుస్తారు.

“నన్నే. నువ్వు చెప్పుకో అమ్మా, వాళ్ళు వింటున్నారు.”

వాళ్ళు వినడం లేదు. ఓడవాళ్ళ సంగతి వ్లాసిస్‌కు కొట్టినపిండి. రాత్రి పడుకున్నప్పుడు ఒక దేశం, లేచేసరికి ఇంకో దేశం. మూడో రోజుకే లెక్క తప్పుతుంది. ఆ రోజు కూడా వెనక సీట్లోంచి ఒక ముసలావిడ లేచి వచ్చి, ఇది టర్కీయా, గ్రీసా అని అడిగింది. గ్రీసు అని క్లియోనికి చెప్పింది. “మరి నిన్న చూసిందేమిటి?” అంది ఆవిడ. నిన్న ఏ ఓడ ఎక్కడాగిందో క్లియోనికికి మాత్రం ఏం తెలుసు? ఆవిడ దిగులుగా వెళ్ళి కూర్చుంది. మామూలుగా అయితే వ్లాసిస్ నవ్వేవాడు. ఆవేళ ఆవిడ మీద జాలి కలిగింది.

ఒలింపియాలో బస్సులు నిలిపే చోట చింకి గొడుగు కింద డ్రైవర్లంతా కూర్చుని జున్ను రొట్టెలు తింటారు, పేకాడతారు. వ్లాసిస్ దిగగానే పేక చప్పుడు ఆగిపోయింది. గెరాసిమోస్ అనే కెఫలోనియా ద్వీపంవాడు, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు, గబగబా మూడుసార్లు శిలువ గుర్తు వేసుకున్నాడు.

“దయ్యానివా, మనిషివా? ముందు అది చెప్పు!”

“నోర్ముయ్.”

“నోర్ముయ్ అంటున్నాడు, మనిషే,” అన్నాడు గెరాసిమోస్ మిగతావాళ్ళతో. “ఇప్పుడే అనుకుంటున్నాం రా. దారిలో కాగితం చూసి నాకు కాళ్ళు చల్లబడ్డాయి. బస్సు సంఘం తరఫున పూలదండ పంపాలని కూడా మాట్లాడుకున్నాం.”

“కింద ఏం రాసుంది? వయసు? ఎవరి తమ్ముడు, ఎవరి తండ్రి, అదేమన్నా చూశావా?”

“పేరు చూశాక కిందికి ఎవడు చూస్తాడురా? అయిదింటికి అంబెలాకి చర్చిలో అని మాత్రం కళ్ళబడింది. నీకేమీ తెలీదా? మీవాడేగా!”

వ్లాసిస్‌కు తెలియదు. మొబైలు నిన్న బస్సు కడుగుతుంటే బకెట్లో పడి, బియ్యం డబ్బాలో ఆరుతోంది. క్లియోనికి తన ఫోను ఇచ్చింది. నంబర్లు ఎవరికి గుర్తుంటాయి ఈ రోజుల్లో! అతనికి కంఠతా వచ్చింది ఇంట్లో గోడ పక్కనున్న పాత ఫోను నంబరు ఒక్కటే. కొట్టాడు. మాట్లాడుతున్నారు. మళ్ళీ కొట్టాడు. అప్పుడూ అంతే. ఊరంతా స్తమాతాను పరామర్శిస్తోందన్నమాట. తన చావుకు వచ్చే ఫోన్ల మధ్య తన ఫోను దూరడానికే సందు లేదు! నవ్వాలో ఏడవాలో తెలియక ఫోను తిరిగి ఇచ్చేశాడు.

“పోనీ మా పిర్గోస్‌లో శవపేటికల కొట్టుకు ఫోను చేసి కనుక్కోనా?” అంది క్లియోనికి.

“వద్దు.”

“ఎందుకొద్దు?”

అడిగితే చెబుతారు. చెబితే ఇద్దరిలో ఒకడు చచ్చిపోతాడు. అడగనంత సేపూ ఇద్దరూ ఉన్నట్టే. ఇలా ఆలోచించడం మతిలేని పని అని అతనికి తెలుసు. తెలిసి కూడా మళ్ళీ వద్దన్నాడు.

గొడుగు కింద కూర్చుంటే గెరాసిమోస్ బతకనివ్వడు. అందుకని ఎన్నడూ లేనిది, క్లియోనికి అట్ట వెనక ఓడవాళ్ళతో కలిసి తాను కూడా లోపలికి నడిచాడు. జ్యూస్ దేవుడి గుడి స్తంభాలు ఎప్పటిలాగే పడిన చోట పడి ఉన్నాయి, తరిగిన ముల్లంగి ముక్కల్లాగా, ఒకదాని పక్కన ఒకటి. భూకంపం తోసేసింది అని క్లియోనికి చెబుతోంది. ఏ ముక్క ఏ స్తంభానిదో పండితులు ఎంతకాలంగా తేల్చుకుంటున్నారో చెబుతోంది. ఒకాయన రాయెక్కి ఫొటో దిగబోతే కాపలావాడు ఈల వేశాడు. ఇంకొకాయన బస్సు మారిపోయి తొమ్మిదో నంబరు గుంపులోంచి ఈ గుంపులోకి వచ్చి, భార్య కోసం వెతుక్కుంటున్నాడు.

ఒక రాతి దిమ్మె దగ్గర క్లియోనికి ఆగింది. పైన ఉండవలసిన విగ్రహం లేదు, రెండు పాదాల గుంటలు మాత్రం ఉన్నాయి. ఇలాంటి దిమ్మెల మీద గెలిచినవాడి పేరు, తండ్రి పేరు ఉంటాయని చెప్పింది. “అయినా ఒక్కోసారి తేలదు. తాత పేరు మనవడికి పెట్టడం మాకు అప్పటి నుంచీ ఉన్న అలవాటే. పందెం గెలిచింది తాతా, మనవడా అని ఇప్పటికీ వాదించుకుంటుంటారు.”

ఓడవాళ్ళు నవ్వారు. వ్లాసిస్ దిమ్మె వంక చూస్తూ నిలబడ్డాడు. పాదాల గుంటల్లో వాననీళ్ళు నిలిచాయి, అందులో ఒక చీమ ఈదుతోంది. వేలితో దాన్ని గట్టున పెట్టబోతే కాపలావాడు ఈల వేశాడు.

ఓడవాళ్ళు పాత పరుగుపందెం మైదానంలో ఒకరి మీద ఒకరు పడుతూ పరిగెత్తుతున్నంత సేపు, వ్లాసిస్ గట్టు మీద గడ్డిలో కూర్చుని దేవుడితో బేరం పెట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ దేవుడితో అతనికి మొహమాటం లేదు. పోయింది బావివాడే అయితే, అన్నాడు మనసులో, అయితే వాడి మీద ఉన్నదంతా మర్చిపోతాను. పటం వాడి పెట్టెలోనే పెట్టమను, నాకొద్దు. వాడి నలభయ్యో రోజు ప్రార్థనకు ఉడికించిన గోధుమలు నా చేత్తో పంచుతాను. చేపలవాణ్ణి మాత్రం నాకు వదిలెయ్. ఈ మాటల్లో ఒక మనిషిని చంపి ఇంకొకణ్ణి అడుగుతున్నానని సగంలో తట్టింది. నోరు మూసుకున్నాడు. కాసేపటికి మనసు మళ్ళీ మొదటి నుంచి అదే బేరం మొదలుపెట్టింది. బావివాడి చేతులు గుర్తొచ్చాయి. వాడికి ఎడమ బొటనవేలు సగమే ఉంది, చిన్నప్పుడు తాత ద్రాక్ష గానుగలో పడింది. ఆ రోజు రక్తం చూసి ఏడ్చింది తను. వాడు ఏడవలేదు. ఇప్పుడు ఇదెందుకు గుర్తు రావాలో అర్థం కాలేదు.

తిరుగు ప్రయాణంలో అంబెలాకి దగ్గరపడింది. ఈసారి కాగితం దారికి ఇవతలి పక్కనే, బస్సుకు దగ్గరగా వస్తుంది. కొంచెం నెమ్మదిగా పోతే కింది వరసలు కూడా చదవొచ్చు. రోడ్డు చీలే చోట వ్లాసిస్ చక్రాన్ని గట్టిగా ఎడమకు తిప్పేశాడు. బస్సు ద్రాక్షతోటల మధ్య సన్నని మట్టిదారి పట్టింది.

“బాబాయ్! ఇటెందుకు?”

“ఇటు బావుంటుంది.”

“ఓడ కదిలిపోతే నన్ను ఉద్యోగంలోంచి పీకేస్తారు!”

“కదలదులే. ద్రాక్షతోటలని చెప్పు. వీళ్ళకు ఇష్టం.”

నిజంగానే ఇష్టపడ్డారు. కొమ్మలు కిటికీలకు గీసుకుంటుంటే చప్పట్లు కొట్టారు. టర్కీయా అని అడిగిన ముసలావిడ వచ్చి, ఇప్పటిదాకా చూసినవాటిలో ఇదే బాగుందని అతని భుజం తట్టి వెళ్ళింది. వ్లాసిస్ తల ఊపాడు.

రేవులో ఓడ నిచ్చెన ముందే స్తమాతా నిలబడి ఉంది. వంటింటి ముందుగుడ్డ కూడా విప్పలేదు, కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే చెప్పులు. బస్సు తలుపు తెరుచుకోగానే, ఓడవాళ్ళను దిగనివ్వకుండా తానే ఎక్కేసింది. మొగుణ్ణి చూసింది. చెంప మీద ఒకటిచ్చింది. ఆ చెంపనే ముద్దు పెట్టుకుంది. మూడుసార్లు తూ తూ తూ అని ఉమ్మింది, దిష్టి తగలకుండా.

“బతికే ఉన్నావు!”

“బతికే ఉన్నానే. పొద్దున నా కాఫీ పెట్టింది నువ్వే కదా.”

“పెట్టాను. నాకేం తెలుసు, దారిలో ఏమైందో? పొద్దుటి నుంచీ ఫోన్లు! మీ ఆయన మంచివాడమ్మా, మా ఇంటి పెళ్ళికి బస్సు ఉచితంగా తెచ్చాడమ్మా అని ఒకటే ఏడుపులు. నేను వేయించకుండా నా మొగుడి కాగితం ఎవడు వేయించాడే అని అరిచాను. ఒక్కత్తె వినదే! చివరికి విసుగొచ్చి రిసీవరు తీసి బల్ల మీద పడేసి, బండి ఎక్కి వచ్చాను.”

“కాగితం చదివావా?”

“చదువుతానా! నీ పేరు కనిపించగానే ఉమ్మేసి తల తిప్పుకున్నాను.” గొంతు తగ్గించింది. “అయితే... వాడేనంటావా?”

“వాడే అయి ఉంటాడు. చేపలవాడు పత్రాస్‌లో ఉన్నాడు.”

“వాడే అయి ఉంటాడు,” అంది స్తమాతా కూడా, శిలువ గుర్తు వేసుకుంటూ. “అయ్యో పాపం. భార్య పోయాక ఒక్కడే అయిపోయాడు. ఆ ఇంట్లో ఎప్పుడు పోయాడో, ఎవరు చూశారో! జేబులో ఫోనన్నా పెట్టుకోని మనిషి. వెళ్దాం పద. ఎంత గొడవున్నా నీ పెదనాన్న కొడుకు. నల్ల కోటు వేసుకుని, ముందు నిలబడి మొయ్యి. ఊరు చూడాలి.”

“మొయ్యడానికి చేపలవాడు కూడా ఉండాలి. కబురందిందో లేదో.”

“అందే ఉంటుంది. ఈపాటికి చర్చి దగ్గరే ఉంటాడు, అందరికన్నా ముందు వచ్చి కుర్చీలు సర్దుతూ ఉంటాడు. వాడి సంగతి తెలియదా!”

ఆ మాట వినగానే వ్లాసిస్‌కు కన్నీళ్ళు వచ్చాయి. కుర్చీలు సర్దుతున్న చేపలవాడు కళ్ళ ముందు కనిపించాడు. పొద్దుటి నుంచి గుండె మీద ఉన్న రాయి దిగింది. పోయింది బావివాడు. బాధగా ఉంది, నిజంగానే బాధగా ఉంది, అయినా ఓర్చుకోగల బాధ. ఇలా అనుకోవడం తప్పో కాదో తేల్చుకునే ఓపిక అతనికి లేదు. బండిలో ఇంటికి పోతూ, రాబోయే ఫిబ్రవరి నుంచి పండగ ఒక్క ఇంట్లోనే అని తట్టింది. మళ్ళీ తనను తాను తిట్టుకున్నాడు. ఈసారి పైకి కాదు.

ఇంటి గేటు తెరిచే ఉంది. స్తమాతా కంగారులో వెయ్యలేదు. ముంగిట్లో నిమ్మచెట్టు కింద కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. నల్ల కోటు, దానికి పైదాకా బొత్తాలు. ఒళ్ళో తువాలులో చుట్టిన పలకలాంటిది. దాని మీద రెండు చేతులు. ఎడమ బొటనవేలు సగమే ఉంది.

గేటు కిర్రుమనగానే ఆ మనిషి తలెత్తాడు. కళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి.

“చావలేదట్రా నువ్వు!” అన్నాడు బావి వ్లాసిస్.

“నువ్వు చావలేదా?”

“నేనెందుకు చస్తాను? కాఫీ కొట్టులో నువ్వేనన్నారు, బస్సు నడిపింది నీ దయ్యమేనని పండెలిస్ ఒట్టేశాడు. ఫోను చేస్తే అందడం లేదు, ఇల్లు తలుపులు తీసి ఉంది, లోపల ఎవరూ లేరు, ఇక నువ్వే అనుకున్నాను. ఇదుగో, దీన్ని తెచ్చాను.” తువాలు విప్పాడు. నల్లబడిన పటం, ముఖం లేని సాధువు. “నీ తల దగ్గర పెడదామని. చచ్చాకయినా ఇవ్వకపోతే తాత నన్ను బతకనివ్వడు.”

బస్సు వ్లాసిస్ ముందు నవ్వాడు. బావి వ్లాసిస్ కూడా నవ్వాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు, వీపుల మీద చరుచుకున్నారు, ముఖాలు తడుముకున్నారు. “దొంగ వెధవా,” అన్నాడు ఒకడు. “నువ్వేరా దొంగవు,” అన్నాడు ఇంకొకడు. పటం వాళ్ళిద్దరి కడుపుల మధ్య నలుగుతోంది. స్తమాతా కూడా నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. ఆ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

నవ్వు మొదట ఆపింది ఎవరో తెలియదు. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకునే ఉన్నారు.

“వాడెక్కడ?” అన్నాడు బావి వ్లాసిస్.

“పత్రాస్‌లో. అసిమీనా దగ్గర.”

“పత్రాస్ ఎందుకు?”

“ఇంజనుకు ఏదో సామాను కావాలని...”

“ఇంజనుకా?” బావి వ్లాసిస్ చేతులు జారిపోయాయి. “ఒరే, వాడి ఇంజను కొత్తది. ఈస్టరుకు ముందే వేశాం. నా చేతుల్తో బిగించాను. దానికి సామానేమిటి? పత్రాస్ వెళ్ళేది పెద్దాసుపత్రికి కదా!”

బస్సు వ్లాసిస్ గేటు వంక చూశాడు. ఆదివారం చేపలవాడు గేటు దగ్గరే నిలబడి వెళ్తానన్నాడు, లోపలికి రాలేదు. మెట్లెక్కడం బద్ధకంగా ఉందన్నాడు. ముఖం పాలిపోయినట్టుంటే, ఎండ అన్నాడు. బస్సు వ్లాసిస్ దాన్ని కూడా నమ్మాడు.

“పొద్దుటి నుంచి,” అన్నాడు, “పొద్దుటి నుంచి అది నువ్వే కావాలని దేవుణ్ణి అడుగుతూ ఉన్నాన్రా.”

బావి వ్లాసిస్ పటానికి మళ్ళీ తువాలు చుట్టాడు.

“నేను నీ కోసం ఏడ్చాను,” అన్నాడు. “వాడు పోతాడని నాకు తట్టనే లేదు. ఊళ్ళో ఒక్కడికీ తట్టలేదు.”

చర్చి గంట మొదలైంది. ఒక్కొక్కటిగా, మధ్యలో ఎడం ఇచ్చి కొట్టే చావు గంట. స్తమాతా లోపలికి వెళ్ళింది. బల్ల మీద పడేసిన రిసీవరు ఇంకా కుయ్యిమంటోంది. దాన్ని తీసి ఫోను మీద పెట్టింది. పెట్టీ పెట్టగానే మోగింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అది మోగుతూనే ఉంది.

బస్సు వ్లాసిస్ లోపలికి వచ్చి ఎత్తాడు. అటు నుంచి ఆడగొంతు, బొంగురుపోయి, పొద్దుటి నుంచీ ఈ నంబరే కొట్టి అలసిపోయిన గొంతు. అసిమీనా.

“వ్లాసిస్ ఉన్నాడా?” అంది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ఇంట్లో దానికి ఉన్న జవాబు ఒక్కటే. అది అతని నాలుక చివరి దాకా వచ్చింది. గుమ్మంలో పటం పట్టుకుని నిలబడిన అన్న వంక చూశాడు.

“ఉన్నాం తల్లీ,” అన్నాడు. “ఇద్దరం ఇక్కడే ఉన్నాం. చెప్పు.”